తెర నిండా కౌసల్యమ్మ

పెళ్లయి నలభై రోజులైనా హిమజకు ఇంకా ప్రతిదీ ముద్దుగానే ఉంది. మధురానగర్‌లో రెండో అంతస్తు కిరాయి ఇల్లు, తోస్తే కుయ్యిమనే బాత్రూం తలుపు, తిరుమలేశ్ రోజూ వంకరగా మడిచిపెట్టే తువ్వాలు, ఇద్దరికని పెట్టిన టీ ఎప్పుడూ మూడు గ్లాసులయితే ఆ మూడోది ఎవరిదన్న తగవు, అన్నీ ముద్దే. పొద్దున్నే బండి మీద అతని వెనక కూర్చుని యూసుఫ్‌గూడ దాటి, కృష్ణానగర్ దాటి ఫిలింనగర్ ఎత్తు ఎక్కుతుంటే కొత్త నల్లపూసలు గాలికి మెడ మీద తడతాయి. ఆ చిన్న చప్పుడుకు కూడా ఆమెకు నవ్వొచ్చేది. ఎందుకు నవ్వుతున్నావని అతను అడిగేవాడు. చెప్తే ఇంకా నవ్వొచ్చేది.

ఆమెను ఫిలింనగర్‌లో దింపేసి తిరుమలేశ్ మాదాపూర్‌లో తన సాఫ్ట్‌వేర్ కంపెనీకి పోయేవాడు. హిమజ టిఫిన్ సెంటర్ పక్క మెట్లెక్కి వేదవ్యాస్ గారి డిజైన్ ఆఫీసులో కూర్చునేది. అక్కడ తయారయ్యేవి సినిమా పోస్టర్లు, పేపర్లో వచ్చే ప్రకటనలు, ఈ రెండేళ్లుగా సినిమాలకు వెబ్‌సైట్లు కూడా. ఒక్కో పోస్టర్లో హీరో నాలుగుసార్లు ఉండాలి, హీరోయిన్ రెండుసార్లు, విలన్ ఒకసారి, కింద పేలిపోతున్న సుమోలు, పైన మంటల అక్షరాల్లో టైటిల్. ఇవన్నీ పెట్టాక కూడా ఎక్కడో రూపాయి బిళ్లంత ఖాళీ మిగిలితే వేదవ్యాస్ గారు వేలు పెట్టి చూపించేవారు.

"ఇక్కడేంటమ్మాయ్ ఖాళీ? ఇది చూస్తే నిర్మాతకి నిద్ర పట్టదు. ఓ పావురాన్ని పడెయ్యి."

హిమజ పావురాన్ని పడేసేది. పడేస్తూ లోపల ఏడ్చేది. మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఆమె నేర్చుకున్న పాఠాల్లో బాగా ఒంటబట్టింది ఒకటే: మినిమలిజం. తీసెయ్యగలిగిందంతా తీసెయ్యి, ఇంక ఒక్కటి తీసినా బొమ్మ బతకదు అన్నచోట ఆగు. తెల్ల కాగితం మీద ఒకే గీత గీసి దాని ముందు గంటసేపు నిలబడగలిగిన మనిషి ఆమె. అలాంటి మనిషికి దేవుడు ఫిలింనగర్‌లో ఉద్యోగం ఇచ్చాడు.

ఒక మధ్యాహ్నం ఓదెలు వచ్చాడు. జూనియర్ ఆర్టిస్టుల సంఘానికి కార్యదర్శి. సినిమాలో పెళ్లికొచ్చిన జనం కావాలన్నా, శవం వెంట నడిచే జనం కావాలన్నా పొద్దున నాలుగింటికే కృష్ణానగర్‌లో మనుషులను బస్సెక్కించి పంపేది ఆయనే. వెంట ముప్పై ఏళ్ల మనిషి ఒకామె ఉంది. చేతిలో బట్టల దుకాణం కవరు.

"నమస్తే సార్. గీమె మా కౌసల్యక్క బిడ్డ, అరుణజ్యోతి. రహమత్ నగర్ల జాకెట్లు కుడ్తది. అక్క పోయి నాలుగు దినాలాయె."

"అయ్యో, కౌసల్యమ్మా? మొన్న సంక్రాంతి సినిమాలో కూడా కనబడిందే!"

"కనవడ్డది సార్, జనంల." ఓదెలు కుర్చీ అంచున కూర్చున్నాడు. "పదకొండో దినం సంఘం హాల్ల సభ వెట్టుకుంటున్నం. ఫోటోకు దండేసుడు అందరు జేస్తరు. మేం ప్రొజెక్టరు కిరాయికి తెస్తున్నం. తెర మీద అక్క బొమ్మ వెయ్యాలె. కంప్యూటర్ల జర మంచిగ జేసియ్యిండ్రి."

"దానికేం భాగ్యం! మా హిమజ చేస్తుంది. అమ్మాయ్, ఇందులో నిర్మాత లేడు, పావురాలు లేవు. నీ ఇష్టం."

నీ ఇష్టం. ఆ రెండు మాటలు చెవిన పడ్డాక హిమజ మిగతావేవీ సరిగా వినలేదు. తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమె సిగ్గు అక్కడి నుంచే మొదలయ్యేది.

అరుణజ్యోతి కవర్లోంచి ఆరు స్టిల్స్ తీసి టేబుల్ మీద వరసగా పరిచింది. సెట్లో ఫొటోగ్రాఫర్లు తీసినవి, ఎప్పుడో ఎవరినో బతిమాలి తెచ్చుకున్నవి. ఒకదాంట్లో కౌసల్యమ్మ హీరోయిన్ వెనక ఏడుస్తోంది. ఒకదాంట్లో జెండా పట్టుకున్న గుంపులో చెయ్యి ఒక్కటే ఆమెది. ఇంకోదాంట్లో ఆమె ఉన్నచోటికి వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియదు. కాస్త కనబడేది ఒకటే: పెళ్లి సీను, హారతి పళ్లెం పట్టుకున్న ముత్తయిదువుల వరసలో మూడో మనిషి. చామనఛాయ, గుండ్రటి ముఖం, నుదుటన పెద్ద ఎర్రబొట్టు. చెంపలో పావు వంతు హీరోయిన్ భుజం వెనక్కి పోయింది.

"ఇంట్ల దిగినయి లేవా?" అంది హిమజ.

"లేవు మేడం. ఎవరన్న కెమెరా తీస్తె ఆమెనే పక్కకు జరిగేది, అలవాటు." అరుణజ్యోతి ఆ స్టిల్‌ను కాస్త ముందుకు జరిపింది. "ఇర్వై ఆరేండ్లు చేసింది మేడం. ఒక్క సినిమాల గూడ ఆమె మొఖమొక్కటే తెర మీదికి రాలే. ఎప్పుడు సూసినా ఎవరో ఒకరు అడ్డం. చిన్నప్పుడు నేను థేటర్ల కుర్చీ మీద నిలవడి సూసేదాన్ని, ఆ హీరోయిన్ జరుగుతదేమో, మా అమ్మ కనవడ్తదేమో అని. ఒక్కసారి పెద్దగ, తెర నిండ సూడాలె. గంతే. వేరే ఏం వద్దు."

"తప్పకుండా," అంది హిమజ.

"ఇంకొక్కటి మేడం. గీ బొట్టు..." అని అరుణజ్యోతి ఫోటోలో తల్లి నుదుటి మీద వేలు పెట్టింది.

అప్పుడే హిమజ సెల్‌ఫోన్ మోగింది. తిరుమలేశ్. "ఒక్క నిమిషం," అని ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది.

"హిమా, ఉయ్యాల దొరికిందే! వెదురుది. బాల్కనీల సరిగ్గ పడ్తది."

"ఇద్దరం పడ్తమా?"

"అది బరువు సూసి చెప్తనన్నడు దుకాణపాయన. నీ బరువెంతో నాకు తెల్వదని చెప్పిన."

"నిన్న మెట్లెక్కేటప్పుడు ఎత్తుకున్నవు గద, తెల్వదా?"

ఒక్క నిమిషం అన్నది అయిదారు నిమిషాలయింది. ఆమె నవ్వు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి అరుణజ్యోతి వేలు ఇంకా ఆ బొట్టు మీదే ఉంది. మేడం ఫోను అయ్యేదాకా ఆగడం మర్యాద అన్నట్టు, కదపకుండా.

"సారీ అండీ. ఏదో చెప్పబోయారు?"

అరుణజ్యోతి ఆమె నల్లపూసల వంక, ఇంకా పూర్తిగా ఎర్రదనం పోని గోరింటాకు వంక చూసింది. చిన్నగా నవ్వింది. "ఏం లేదు మేడం. బస్సుకు టైమయితున్నది."

మొదటి రోజు హిమజ నిజాయితీగానే పనిచేసింది. స్టిల్‌ను స్కాన్ చేసి ముఖాన్ని పెంచింది. ఫోటోలో ఆ ముఖం బొటనవేలి గోరంత. పెంచుతున్న కొద్దీ బుగ్గలు గళ్లుగళ్లుగా విడిపోయాయి, కళ్లు రెండు నల్లటి చదరాలయ్యాయి. వేదవ్యాస్ గారు వెనక నుంచి చూసి, "ఈ స్టిల్ తీసినాయన ఇక్కడే వెనక సందులో ఉంటాడు. నెగటివ్ ఉందేమో కనుక్కో" అన్నారు. నంబరు కూడా చీటీ మీద రాసిచ్చారు.

హిమజ ఆ నంబరుకు ఫోన్ చెయ్యలేదు. చేద్దామనే అనుకుంది. కానీ ఆలోపే ఆమెకు ఊహ వచ్చేసింది.

హీరోయిన్ భుజం తీసేసింది. పళ్లెం తీసేసింది. పక్కవాళ్లను తీసేసింది. గళ్లుపడ్డ బుగ్గలు తీసేసింది, కళ్లు తీసేసింది. తీస్తూ తీస్తూ పోతే మూడో రోజుకు తెల్లటి తెర మీద చివరికి ఒక్క ఎర్రబొట్టు మిగిలింది. దాన్ని నడిమధ్యలో కాకుండా కొంచెం పైకి, నుదురు ఉండాల్సిన ఎత్తులో ఉంచింది. కింద దూరంగా, చీమ తలంత అక్షరాల్లో: కౌసల్య, 1949–2006. కుర్చీ వెనక్కి జరిపి చూసింది. ఒళ్లు జల్లుమంది. ఇన్నాళ్లూ జనంలో కలిసిపోయిన మనిషి చుట్టూ ఇప్పుడు జనమే లేరు. ఎంత శూన్యం! ఎంత గౌరవం! తన పనికి తనే కన్నీళ్లు పెట్టుకుంది. అవి కౌసల్యమ్మ కోసమే అనుకుంది.

ఆ సాయంత్రం వెదురు ఉయ్యాలలో, ఇద్దరూ పట్టక ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టి తిరుమలేశ్‌కు చూపించింది.

అతను చాలాసేపు చూశాడు. "మంచిగున్నది."

"గంతేనా?"

"నిజం చెప్పనా? నాకు జపాన్ జెండా యాదికొచ్చింది."

మెత్త పెట్టి కొట్టింది. అతను తల కాపాడుకుంటూ, "సరే సరే, నాకేం తెల్సు కోడు రాసుకునేటోన్ని! కని హిమా, ఆమె బిడ్డ మొఖం అడిగింది అన్నవు గదనే?" అన్నాడు.

"అడిగిందే ఇచ్చేటట్టుంటే నేనెందుకు? జిరాక్సు దుకాణానికి పోతే చాలదా?"

ఆ మాట అన్నప్పుడు ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో! ఆ ఊపులోనే బొమ్మను తన బ్లాగులో కూడా పెట్టింది. తెల్లారేసరికి పదకొండు వ్యాఖ్యలు. ముక్కూ ముఖం తెలియని పరదేశపు డిజైనరొకడు ఇంగ్లిషులో రాశాడు, ఇంత తక్కువతో ఇంత దుఃఖం తానెప్పుడూ చూడలేదని. హిమజ ఆ వాక్యాన్ని బండి మీద ఒకసారి, ఆఫీసులో రెండుసార్లు తలుచుకుంది. వేదవ్యాస్ గారికి చదివి వినిపించింది. "మినిమలిజం అంటే అదన్నమాట," అని ఆయన ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నారు.

సభ మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆ సమయం ఊరికే పెట్టింది కాదు. పక్క స్టూడియోలో షూటింగున్న వాళ్లకు అప్పుడు భోజనాల విరామం, తిండి మానేసి వచ్చి పోవచ్చు. ఫిలింనగర్ వాలులో ఉన్న ఆ రేకుల హాలుకు నూటయాభై మంది దాకా వచ్చారు. పోలీసు దుస్తుల్లో పదిమంది, ఒకాయన బుగ్గన రంగు నెత్తురుతో, పెళ్లి సీనులోంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు పట్టుచీరల్లో, పెద్ద పెద్ద బొట్లతో. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. గోడకు తెల్లటి తెర, దాని కింద పీట మీద దీపం, ఇత్తడి పళ్లెం. దండేసిన ఫోటో లేదు. తెర మీద వస్తుంది కదా అని పెట్టలేదు.

హిమజ తన ల్యాప్‌టాప్‌ను హాలు మధ్యలో ప్రొజెక్టరుకు తగిలించి దాని పక్కనే నిలబడింది. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన తెల్లచీర, సన్నటి అంచుది, ఈ సందర్భానికి తగ్గట్టుంటుందని ఏరి కట్టుకుంది. ముందు వరసలో అరుణజ్యోతి కూర్చుంది.

ఓదెలు మైకులో నాలుగు ముక్కలు మాట్లాడాడు. "మా అక్క ఎన్ని సినిమాలు జేసిందో ఆమెకే తెల్వది. ఎండల నిలవెట్టినా, వానల నిలవెట్టినా ఒక్క మాట అనలే. ఎన్నడు ఎనకనే ఉన్నది. ఇయ్యాల ముంగటికొస్తది. లైట్లు బందు జెయ్యిండ్రి!"

హాలు చీకటయింది. హిమజ మీట నొక్కింది. తెర మీద తెలుపు, ఆ తెలుపులో ఒక ఎర్రటి చుక్క.

నిశ్శబ్దం. హిమజ ఊహించుకున్న నిశ్శబ్దమే. కళ్లు మూసుకుని దాన్ని కాస్త అనుభవించింది కూడా.

ఆ నిశ్శబ్దం ఎంతకీ కదల్లేదు. వాళ్లు ఎదురుచూస్తున్నారు. షాటు సిద్ధమయ్యేదాకా గంటలకు గంటలు కూర్చోవడం వాళ్లకు కొత్తేం కాదు, ఎవరూ విసుక్కోలేదు. కాసేపటికి వెనక వరసలో ఎవరో మెల్లగా అన్నారు.

"లోడ్ అయితున్నట్టున్నది."

"కంప్యూటర్ల గట్లనే, ముందుగాల చుక్కొస్తది. అటెంక బొమ్మొస్తది."

"రానియ్యిండ్రి, రానియ్యిండ్రి. తొందరేమున్నది?"

ఓదెలు వంగి వచ్చి హిమజ పక్కన నిలబడి గుసగుసగా అడిగాడు. "హిమజమ్మా, బొమ్మ రాలే?"

"ఇదే... ఇదే బొమ్మండీ."

ఆయన తెర వంక చూశాడు. మళ్లీ ఆమె వంక చూశాడు. "ఇది బొట్టు గదమ్మా. అక్క ఏది?"

అటు పక్క నుంచి వేదవ్యాస్ గారు లేచారు, ఆమెను కాపాడదామనే. "మిత్రులారా, ఇదొక కాన్సెప్టు. మినిమలిజం అంటారు. తక్కువతో ఎక్కువ చెప్పడం. విదేశాల్లో దీన్ని..." అంటూ తను నేర్పిన మాటలన్నీ ఒక్కొక్కటే ఆయన నోట్లోంచి వస్తుంటే హిమజకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆ మాటలు బ్లాగులో ఎంత బాగున్నాయో! ఈ రేకుల హాల్లో, తిండి మానేసి వచ్చిన వాళ్ల ముందు ఒక్కటీ నిలబడలేదు. అయినా వాళ్లు మర్యాదస్తులు. మాట ముగియగానే చప్పట్లు కొట్టారు. కొట్టమన్నప్పుడు కొట్టడం వాళ్ల పని.

చప్పట్లు ఆగాక అరుణజ్యోతి లేచి వచ్చింది. కోపంగా రాలేదు, వచ్చి ఉంటే హిమజకు తేలికగా ఉండేది.

"మేడం, మా అమ్మ మొఖం ఏమాయె?"

"అది... పెద్దగా చేస్తే పగిలిపోయింది అరుణజ్యోతి గారూ. అందుకని నేను... ఆమె గుర్తుగా, ఆమె బొట్టు..."

"ఆమె బొట్టు గాదు." అరుణజ్యోతి గొంతు తగ్గించింది, మేడం పరువు నలుగురిలో పోకూడదని. "నాకు నాలుగేండ్లున్నప్పుడే మా నాయిన పోయిండు. అమ్మ బొట్టు వెట్టుకోలే మల్ల. సెట్ల మేకప్పోళ్లు పెడ్తరు, పెండ్లి సీనుకు. షూటింగు కాంగనే కొబ్బరినూనె గుడ్డతోని తుడుసుకునేది. ఎర్ర మరక కూడ లేకుంట రుద్దుకునేది. వాడకట్ల ఎవరన్న సూస్తె ఏమంటరో అని. గా తుడుసుకునుడు సూడలేక నేను మొఖం తిప్పుకునేదాన్ని. ఆ దినం గదే చెప్దామనుకున్న. బొట్టు తీసేసి మొఖం వెట్టుమని. మీరు ఫోన్ల ఉన్నరు."

హిమజ చూపు ముందు వరసల్లోకి పోయింది. పట్టుచీరల ఆడవాళ్ల నుదుళ్ల మీద మేకప్ బొట్లు. వాటిలో ఎవరిది ఇంటి నుంచి వచ్చిందో, ఎవరిది సాయంత్రం నూనెగుడ్డకు పోతుందో ఆమెకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు. ప్రతి పొద్దున అద్దం ముందు బొట్టు దిద్దుకుని, బాగుందా అని మొగుడికి చూపించుకునే మనిషి తను. అది సంతోషం కాని వాళ్లూ ఉంటారని తట్టనేలేదు. ఆమె తీసినవన్నీ కౌసల్యమ్మవి. ఉంచిన ఒక్కటీ మేకప్పువాళ్లది.

"తీసేస్తాను," అంది. "ఇప్పుడే... ఈ బొట్టు..."

"మీరు తీసింది సాలు మేడం. మొఖం ఉంటె సూపియ్యిండ్రి. ఎట్లున్నా మంచిదే."

"పగిలిపోయి ఉంటుందండీ."

"మా అమ్మే గద. నేను గుర్తువడ్త."

హిమజ ఆ బొట్టు బొమ్మను మూసేసింది. మూయగానే దాని వెనకున్నది తెర మీదికి వచ్చింది. ఆమె కంప్యూటర్ తెరపై రోజూ ఉండే బొమ్మ: తలంబ్రాల్లో తడిసి, ముత్యాల బాసికం కింద పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న తను, పక్కన తిరుమలేశ్. ఇద్దరి ముఖాలూ స్పష్టంగా, అడ్డం ఎవరూ లేకుండా, తెర నిండా.

పదకొండో రోజు సభలో, దీపం వెనక, ఆ నవ్వు. ఫైలు ఎక్కడ పెట్టిందో కనబడలేదు. బాణం గుర్తు ఆమె బుగ్గ మీద, ఆమె ముక్కు మీద తిరిగింది. అందరూ చూశారు. రెండో వరసలోంచి ఒక ముసలామె కల్లాకపటం లేకుండా, "పెండ్లి బొమ్మ మంచిగ వచ్చింది బిడ్డా. నూరేండ్లు సల్లగుండు," అంది.

ఆ దీవెనకు హిమజకు ఏడుపొచ్చింది. తిట్టినా రాకపోయేదేమో.

ఫైలు దొరికింది. పెళ్లి సీను స్టిల్ తెర మీద పరుచుకుంది. హాలంతా ఒక్కసారి కదిలింది.

"గిది ఆ పెండ్లి సీనే! మూడు దినాలు తీసిండ్రు. నేను గాడ ఎనకున్న, తలకాయ కనవడ్తున్నది సూడు."

"అగో, మూడో మనిషి అక్క!"

హిమజ పెంచసాగింది. ముందు హీరోయిన్ చెవి కమ్మ వచ్చింది, తరవాత ఎవరిదో మోచెయ్యి.

"ఎడమకు జరుపు బిడ్డా, ఇంకొంచెం," అన్నాడు పోలీసు దుస్తుల పెద్దాయన. ముప్పై ఏళ్లుగా కెమెరాల వెనకా ముందూ ఉన్నవాళ్లు. తలా ఒక మాట అందుకున్నారు. "ఆ భుజం తియ్యి." "కిందికి, కిందికి." "ఇగ దగ్గరికి పో." ఆమె వాళ్లు చెప్పినట్టల్లా చేసింది. తనకు ఏమీ తెలియదని ఒప్పుకోవడం ఇంత మంది ముందు జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు. భుజం పక్కకు పోయింది, పళ్లెం కిందికి పోయింది, ముఖం దగ్గరికి వచ్చింది. గళ్లుగళ్లుగా, పావు వంతు చెంప లేకుండా, కళ్ల చోట రెండు నల్లటి చదరాలతో. హిమజ బొట్టు కంటే కొద్దిగా కింద తెరను కోసి ఆపింది. ఇంక తెర మీద బొట్టు లేదు, సగం నుదురు కూడా లేదు.

అరుణజ్యోతి రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది.

"అగో," అంది చిన్నపిల్ల గొంతుతో. "కన్ను జర చిన్నగ జేసి సూస్తున్నది. ఎండ పడ్తే గట్లనే జేసేది."

హిమజకు ఆ కన్ను కనబడలేదు. ఆమెకు చదరమే కనబడింది. కానీ హాల్లో ఒకరి తరవాత ఒకరు ముక్కులు చీదుకోవడం వినబడింది. "అవునే, అక్కనే." "మా కౌసల్యక్కనే." మూడు రోజులు ఈ ముఖంతో కూర్చుని, దీన్ని పనికిరాదని చెరిపేసిన చెయ్యి తనది. వెనక సందులో నెగటివ్ ఉందో లేదో కూడా కనుక్కోలేదు. ఉండి ఉంటే ఈమె ఇప్పుడు తల్లి కన్ను చదరంలోంచి వెతుక్కోవాల్సి వచ్చేది కాదు. సెల్‌ఫోన్ చేతి సంచీలో గుర్రుమంది. తిరుమలేశ్ అయి ఉంటాడు, సభ ఎట్లా జరిగిందని. ఆమె సంచీని కాలితో బల్ల కిందికి తోసేసింది.

"పూలెయ్యిండ్రి ఇగ," అన్నాడు ఓదెలు. "షూటింగోళ్లకు టైమయితున్నది."

జనం లేచి వరస కట్టారు. పీట దగ్గరికి పోవాలంటే ప్రొజెక్టరు వెలుగును దాటాలి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మొదటి మనిషి వెలుగు దగ్గరికి రాగానే నడుం వంచి, తల దించి, దాని కింది నుంచి పోయాడు. రెండో మనిషీ అంతే. పట్టుచీరల ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టి వంగారు. మోకాళ్ల నొప్పులున్న ముసలామె ఇద్దరి చేతులు పట్టుకుని, మూలుగుతూ, అయినా వంగింది. పోలీసులు టోపీలు తీసి చంకన పెట్టుకుని వంగారు. షాటు నడుస్తున్నప్పుడు కెమెరా ముందు నుంచి పోయేటప్పుడు పోయినట్టే. నూటయాభై మంది పోయారు, తెర మీద కౌసల్యమ్మ ముఖం మీద ఒక్కరి నీడా పడలేదు. ఆమెకు ఎవరూ అడ్డం రాలేదు. అరుణజ్యోతి తెర ఎదురుగా, వెలుగుకు పక్కన నిలబడి, మొదటి నుంచి చివరిదాకా రెప్ప కొట్టకుండా చూసింది.

చివర్న ఓదెలు హిమజ దగ్గరికి వచ్చాడు. "నువ్వు గూడ ఎయ్యి బిడ్డా," అన్నాడు. ఇందాకటిదాకా ఆయన నోట హిమజమ్మ. బిడ్డా అన్నాక ఇంక తప్పించుకునే దారి లేదు. ఆయన ఆమె దోసిట్లో బంతిపూల రేకులు పోశాడు.

హిమజ నడిచింది. ఆ పగిలిన ముఖం వంకే చూస్తూ, ఆ చదరంలో ఎండకు చిన్నగయిన కన్ను ఈసారైనా కనబడుతుందేమోనని చూస్తూ నడిచింది. హఠాత్తుగా తెర మీద నల్లటి తల, దాని మీద జడ, జడలో పూలు. కౌసల్యమ్మ ముక్కూ నోరూ సగం చెంపా మాయమయ్యాయి. ఆ నీడ ఎవరిదా అని ఆమె ఒక క్షణం వెతుక్కుంది.

"బిడ్డా." పోలీసు దుస్తుల పెద్దాయన గొంతు. కోపం లేదు, కొత్తగా పనికొచ్చిన పిల్లకు చెప్పినట్టు ఉంది. "ఫ్రేముల ఉన్నవ్. జర వంగు."

హిమజ వంగింది. చాలలేదేమోనని ఇంకా వంగింది. తెల్లచీర నేల మీద జీరాడుతుంటే దాదాపు మోకాళ్ల మీద పీట దాకా పోయి, పళ్లెంలో పూలు పోసింది. లేవబోయి, తల ఎత్తితే వెలుగుకు మళ్లీ ఎక్కడ అడ్డం వస్తుందోనని, అట్లాగే ఉండిపోయింది.